పదకొండు బెజ్జాలు

ఆ ఏడు వేసవికి కాలువ కట్టేసిన మర్నాడు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఒక అంతరిక్ష నౌకని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చారు. కాలువకి మళ్ళీ నీళ్ళు వదిలిన వారంలో దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయారు. మధ్యలో గడిచినవి యాభై రోజులు. ఆ యాభై రోజుల్లో మా నాన్న తిరిగి పనివాడయ్యాడు. తర్వాత కాకుండా పోయాడు. పనివాడైంది ఆ నౌక వల్ల. కాకుండా పోయింది నా వల్ల.

నేను మామిడికుదురులో సాయిబాబు గారి సెల్లు షాపులో రిపేర్లు చేస్తాను. ఇంటరు అయ్యాక ఏదో ఒకటి నేర్చుకోమని అమ్మ పంపిస్తే, కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని చాలా రోజులు ఊరికే చూశాను. చూసి చూసి చెయ్యి పెట్టాను. ఆవగింజలో సగం ఉండే ముక్కల్ని బోర్డు మీంచి లేపి, కొత్తవి పెట్టి సాల్డరింగు చేయడం నా పని. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు దగ్గర్లోని గ్యాసు ప్లాంటులో ఇంజనీరు. ఫోనుకి డిస్‌ప్లే మార్పించుకోడానికి వచ్చి, బాగైన ఫోను జేబులో పెట్టుకున్నాక కూడా కదలకుండా నా చేతుల కేసే చూస్తూ నిలబడ్డారు.

"అమ్మా, నీ చెయ్యి వణకదా?"

"టీ తాగితే వణుకుద్దండి. అందుకే మధ్యాహ్నం దాకా తాగనండి."

"మా తులసికి గొంతు వణుకుద్ది గానీ చెయ్యి వణకదండి," అన్నారు సాయిబాబు గారు. "కస్టమరుతో ఇన్ని మాటలు మాట్టాడ్డం నేనూ ఇదే చూడ్డం."

ఇంజనీరు గారు నవ్వి, ఫోనులో ఒక ఫొటో చూపించారు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసిన నౌక, మూరెడు పొడుగు; పై సగం, కింది సగం ఇంకా కలపలేదు. అలాంటిది నిజంగా ఆకాశంలో ఎక్కడా లేదట. ఎవరో ఊహించి గీస్తే, జపాన్‌లో ముక్కలుగా పోతపోసి పెట్టెలో పెట్టి అమ్ముతారట.

"ఇరవై ఏళ్ళుగా ఇవి చేస్తున్నానమ్మా. అన్నీ చీకటివే. దీనికి రెండు వందల పద్నాలుగు కిటికీలున్నాయి. ఒక్కటీ వెలగదు. జూన్లో నన్ను అస్సాం వేసేరు. వెళ్ళేలోగా దీన్ని వెలిగించాలి. నా చేతుల వల్ల కాదు, కళ్ళద్దాలు మార్చేను కూడా. నీ వల్ల అవుతుందా?"

అవుతుందో లేదో నాకు తెలియదు. "ఆయ్" అన్నాను.

మర్నాడు ఆటో వచ్చి ఆగేసరికి నాన్న అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్నాడు. అమ్మ చీపుళ్ళు కడుతోంది. సార్ అట్టపెట్టెని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని దిగారు.

"ఏంటండి, కేకాండి?" అంది అమ్మ.

"విమానం లాంటిదండి."

"ఎగురుద్దాండి?"

"ఎగరదండి. చూసుకోవడమే."

అమ్మ నా కేసి చూసింది. నేను తలదించుకున్నాను. నాన్న మాత్రం పెట్టెలోకి తొంగిచూసి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని, మళ్ళీ ఈనె అందుకున్నాడు.

మా నాన్న ఆదినారాయణ ముప్ఫై ఏళ్ళు లైటింగు పని చేశాడు. శివనాగరాజు గారి లైటింగు అంటే రాజోలు నుంచి కాట్రేనికోన దాకా ఏ ఊరి తీర్థంలోనైనా, జాతరలోనైనా చెప్పుకునేవారు. వెదురు చట్రం మీద వెయ్యి బల్బులతో నెమలి పురి విప్పేది. ఏనుగు తొండంతో నీళ్ళు చిమ్మేది. చట్రం వెనక ఒక చెక్క రోలరు తిరుగుతూ ఉండేది. దాని మీద రాగి రేకులు ఎక్కడ కొడితే ఏ ఈక ఎప్పుడు వెలుగుతుందో అంతా నాన్న తలలోనే. కాగితం మీద గీసి ఎరగడు. తర్వాత కంప్యూటరుతో ఆడే పలకలు వచ్చాయి. రెండేళ్ళ కిందట నాన్న తన పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాడు. "ఓపిక లేక మానేసేను" అన్నాడు. అడిగిన వాళ్ళందరికీ మేమూ అదే చెప్పాం. ఇంట్లో మాత్రం అంతకు మించి ఎవరం ఏమీ అనలేదు, అడగలేదు. అప్పుడే కుడికంట్లో శుక్లం మొదలైంది. ఆపరేషను అంటే "వానలు పడనీ" అంటాడు. రెండు వానాకాలాలు అలాగే పోయాయి.

నేను పొద్దున్నా, షాపు నుంచి వచ్చాకా, ఆదివారాలూ పని చేశాను. వెంట్రుక లాంటి డ్రిల్లు ముల్లుని వేళ్ళతోనే తిప్పుతూ ఒక్కో కిటికీకీ ఒక బెజ్జం. ఒక్కో బెజ్జంలోకీ దారమంత సన్నటి ప్లాస్టిక్ తీగ. తీగ ఈ కొసన దీపం పెడితే ఆ కొసన చుక్కలా వెలుగుతుంది. తీగలన్నీ లోపల ఒక కట్టగా చేరి చిన్న ఎల్‌ఈడీ దగ్గరకి రావాలి. పని చేసేటప్పుడు ఫ్యాను వేసుకోకూడదు, తీగలు చెదిరిపోతాయి. వైశాఖంలో, మా రేకుల గదిలో.

రెండో ఆదివారం మిట్టమధ్యాహ్నం కిటికీకి టార్పాలిన్ కట్టి, తలుపులు వేసి, మొదటిసారి దీపం ఇచ్చాను. కిటికీలు కనపడలేదు. నౌక ఒళ్ళంతా ఎర్రగా కాగింది. ప్లాస్టిక్ పలచన. లోపలి వెలుతురు చర్మంలోంచి బయటికి వచ్చేస్తోంది.

"దానికి జొరం వచ్చినట్టుందే," అన్నాడు నాన్న.

తలుపు సందులోంచి చూస్తున్నాడు. ఎప్పుడు లేచి వచ్చాడో తెలియదు.

"లోపల నల్లరంగు కొట్టేవా?"

"కొట్టేను నాన్నా. ఒక పూత."

"ఒక పూత ఏ మూలకి? రెండు పూతలు కొట్టి, ఆరేక దాని మీద తెల్లది కొట్టు. నలుపు బయటికి పోనివ్వదు. తెలుపు లోపల్లోపల తిప్పుద్ది. నెమలి వెనక రేకులకి అలాగే కొట్టేవోళ్ళం."

అమ్మ వంటింట్లోంచే అంది, "మాట్టాడేరే! రెండేళ్ళుగా కూరలో ఉప్పు లేదని కూడా అనని మనిషి."

"నీ కూరలో ఉప్పు ఎప్పుడు తక్కువయ్యిందని?" అన్నాడు నాన్న. లోపలికి వచ్చి నా పక్కన పీట వేసుకున్నాడు.

ఆ రోజు నుంచి బెజ్జాలు నావి, తీగలు ఆయనవి. కంటితో చూసేవాడు కాదు. ఎడమచేతి చూపుడువేలి కొసతో బెజ్జాన్ని వెతికి పట్టుకుని, కుడిచేత్తో తీగ దించేవాడు. జిగురు పెట్టడానికి నేను సూదితో తంటాలు పడుతుంటే, కొబ్బరి ఈనె కొస చెక్కి, దాన్ని ముంచి, కనపడీ కనపడనంత బొట్టు పెట్టి చూపించాడు. సూది జిగురుని లాగేసుకుంటుంది, ఈనె వదిలేస్తుంది. నాకు తెలియదది.

వారం తిరగ్గానే నాన్న పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. తలకి నూనె రాసుకుని దువ్వుకున్నాడు.

"ఎక్కడికండీ పెళ్ళికొడుకు గారు?" అంది అమ్మ.

"డ్యూటీకి."

"డ్యూటీ ఎక్కడో?"

"పక్కగదిలోనే. క్యారేజీ పంపించు."

అమ్మ నిజంగానే క్యారేజీ కట్టి, గుమ్మం ఈవల నుంచి ఆవలకి అందించింది. ముగ్గురం నవ్వాం. మా ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వి ఎన్నాళ్ళైందో ఆ క్షణంలో నాకు గుర్తుకొచ్చింది.

కిటికీలు సగం అయ్యేసరికి నాన్న ఆగిపోయాడు.

"అన్నీ వెలిగించేత్తావా?"

"అన్నీ కిటికీలే కదా నాన్నా."

"మన వీధిలో చూడు. ఏ ఇంట్లోనైనా అన్ని గదుల్లోనూ లైట్లుంటాయా? ఒకడు పడుకుంటాడు. ఒకడు తలుపేసుకుని బయటికెళ్తాడు. ఒకావిడ వంట చేత్తా ఉంటాది. అన్నీ వెలిగితే అది ఇల్లు కాదు, పెళ్ళిపందిరి."

నలభై కిటికీలు చీకటిగా వదిలేశాం. ఏవి వదలాలో నాన్నే చెప్పాడు. వంటగది ఇక్కడుంటుంది అని ఒక మూల నాలుగు కిటికీల తీగలకి పసుపురంగు అద్దాడు.

ఆ ఆదివారం సార్ చూడ్డానికి వచ్చారు. టార్పాలిన్ కట్టిన గదిలో దీపం ఇచ్చాం. ఆయన వంగి ఒక్కో కిటికీనీ వరసగా చూశారు. నాకు భయం వేసింది. కిటికీలన్నీ వెలగలేదని అంటారేమో అనుకున్నాను.

"ఇన్నాళ్ళూ నా వాటిల్లో మనుషులు లేరమ్మా," అన్నారు చివరికి. "ఇందులో ఉన్నారు. ఎవరి ఆలోచన ఇది?"

నేను నాన్న కేసి చూశాను.

"మాస్టారూ, ఇది నాకు ఇరవై ఏళ్ళలో తట్టలేదండి," అన్నారు సార్.

మాస్టారు అన్న మాటకి నాన్న వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఎవరైనా ఉన్నారేమోనని.

కాఫీ తాగుతూ నాన్న అడిగాడు, "ఓడకి పేరేంటండి?"

"పేరేం లేదండి. నా వాటి మీద అక్షరం ముక్క ఉండకూడదు. పెట్టెలో స్టిక్కర్లు ఇస్తారు, తీసి పారేస్తాను. శుభ్రంగా ఉండాలి."

"మా సెట్టింగులకైతే కింద పేరు లేకపోతే జనం ఒప్పుకోరండి. బొమ్మంతా వెలిగేక ఆఖర్న పేరు వెలగాల. అప్పుడే ఈలలేసేవోరు."

"మీ పేరా?"

నాన్న నవ్వాడు. "నా పేరెందుకుంటాదండి? శివనాగరాజు గారి పేరు. ఆ అక్షరాలు కొట్టింది మట్టుకు నేనే."

సార్ వెళ్ళబోతూ, తన దగ్గర ఇంకా నాలుగు కిట్లు పెట్టెలు విప్పకుండా ఉన్నాయనీ, అవి అస్సాం మోసుకెళ్ళడం కంటే మా దగ్గరే వదిలేస్తాననీ, ఇద్దరూ తీరిగ్గా చేసి పెట్టమనీ అన్నారు. ఆ సాయంత్రమే నాన్న పెరట్లో షెడ్డు తుడిచాడు. పాత రోలర్లన్నీ ఒక మూలకి నెట్టి, చెక్కబల్ల కడిగి ఎండలో పెట్టాడు. "వచ్చే ఓడకి ఇక్కడ కూర్చుందాం. గాలీ ఉండదు, మీ అమ్మ వెక్కిరింపులూ ఉండవు" అన్నాడు. వచ్చే ఓడ. ఆ మాట ఆ వారంలో ఎన్నిసార్లు అన్నాడో.

ఒకరోజు తీగలు కట్ట కడుతుంటే అడిగాడు.

"ఇది నువ్వు చేసిన పనని ఎవరికైనా ఎలా తెలుద్దమ్మా?"

"తెలియక్కర్లేదు నాన్నా. సార్‌కి తెలుసు కదా."

"ఆయ్," అన్నాడు. అడుగు వైపు మిగిలిన తీగల గుప్పెడు చూపించి, "ఇవి కోసెయ్యకు, ఉండనీ" అన్నాడు.

"దేనికి?"

"ఉంటే పనికొత్తాయిలే."

ఉండనిచ్చాను. కట్టకి కలిపి పక్కకి మడిచి పెట్టాను.

మే నెలాఖర్లో సార్ నౌకని తీసుకెళ్ళి పైరంగు వేశారు. బూడిదరంగు. మీద గీతలు, మరకలు, ఎండకి వెలిసినట్టు, ఏదో తగిలి గీసుకుపోయినట్టు. ఎన్నో ప్రయాణాలు చేసి వచ్చిన దానిలా కనపడింది. అడుగు పలక ఒక్కటి విడిగా ఉంటుంది, బ్యాటరీ మార్చుకోడానికి. దాని మీద రంగుకే నాలుగు రోజులు పట్టిందన్నారు. గురువారం తెచ్చి ఇచ్చి, "ఆదివారం పొద్దున్న వచ్చి తీసుకెళ్తాను, సోమవారం నా రైలు" అన్నారు. మిగిలింది స్టాండులో ఉన్న స్విచ్చి నుంచి తీగ పైకి లాగి కలపడం. రెండు గంటల పని.

శనివారం సాయిబాబు గారిని అడిగి నాలుగింటికే వచ్చేశాను. అరుగు మీద అమ్మ ఒక్కతే ఉంది.

"నాన్నేడీ?"

"డ్యూటీలో ఉన్నారు. తలుపేసుకున్నారు, నన్ను రావద్దన్నారు."

తలుపు తోశాను. నాన్న కిటికీ దగ్గర వెలుతురుకి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు మీద బోర్లించిన అడుగు పలక. వేళ్ళ మధ్య నా డ్రిల్లు. నన్ను చూసి చెయ్యి ఆపేశాడు.

పలక మీద బెజ్జాలు ఉన్నాయి. బూడిదరంగు చుట్టూ రేగి, తెల్లటి ప్లాస్టిక్ కనపడుతోంది. ఒక పక్కగా, వంకరగా, ఒకదాని పక్కన ఒకటి. లెక్కపెట్టాను. పదకొండు.

స్టాండు గొట్టానికి పెద్ద రంధ్రం పలక మధ్యలో ఉంది. దానికీ వీటికీ సంబంధం లేదు. నాకు ఒకటే తోచింది. ఆయనకి కనపడలేదు. కనపడక, ఏదో సాయం చెయ్యబోయి, తడుముకుంటూ పొడిచేశాడు.

"ఏం చేసేవ్ నాన్నా?"

నాన్న ఏదో చెప్పబోయాడు. ఆయన మొహంలో ఒక రకమైన నవ్వు ఉందని నాకు గుర్తు. చిన్నప్పుడు తీర్థం నుంచి తెల్లారి వచ్చి, చొక్కా జేబులో ఖర్జూరాలు దాచి పెట్టుకుని నిలబడినప్పటి నవ్వు. నేను దాన్ని చూశాను. చూసి కూడా ఆగలేదు.

"రేపొద్దున్నే ఆయన వస్తారు. నాలుగు రోజులు కూర్చుని వేసుకున్న రంగు. కళ్ళు కనపడనప్పుడు ఎందుకు ముట్టుకున్నావ్? ఎవరు ముట్టుకోమన్నారు?"

"అది కాదమ్మా..."

"శివనాగరాజు గారు నిన్నెందుకు పంపేసేరో ఇప్పుడు తెలుస్తోంది."

నేను గట్టిగా అనలేదు. నాకు గట్టిగా మాట్లాడ్డం రాదు. కానీ అరుగు మీద ఈనెల చప్పుడు ఆగిపోయింది.

నాన్న డ్రిల్లు ముల్లు కేసి చూశాడు. దాన్ని తువ్వాలుతో తుడిచి, నా పనిముట్ల డబ్బాలో దాని గడిలోనే పెట్టాడు. పలకని నా చేతికి అందించాడు.

"చెయ్యి జారిందమ్మా," అన్నాడు.

లేచి, చెప్పులు వేసుకుని, కాలువ గట్టు వైపు వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమే కాలువకి నీళ్ళు వదిలారు. ఎండిన అడుగు మీదుగా బురదనీళ్ళు వస్తున్నాయని వీధిలో ఎవరో అంటున్నారు.

అమ్మ గుమ్మం దగ్గరకి వచ్చింది. "ఎంత మాటన్నావే," అంది, అంతే. నేను తలెత్తలేదు. నాకు పని ఉంది.

ఆ బెజ్జాలు పూడ్చాను. ఒక్కోదాంట్లోకీ పుట్టీని ఈనె కొసతో నింపాను. అవును, నాన్న చెక్కిన ఈనెతోనే. ఆరాక తడిపిన గరుకు కాగితంతో రుద్దాను. సార్ ఇచ్చిన సీసాల్లోంచి రంగులు కలిపి, మరక పక్క మరక, గీతకి గీత కలిపాను. లోపల మడిచి ఉన్న ఆ గుప్పెడు తీగలు ఇంక దేనికీ పనికిరావని కత్తిరించి పారేశాను. ఆ వేసవి మొత్తంలో నేను చేసిన పనుల్లోకల్లా బాగా చేసింది అదే.

ఆదివారం సార్ వచ్చారు. టార్పాలిన్ కట్టిన గదిలో నౌక వెలిగింది. కిటికీలు వెలిగాయి, వంటగది పసుపుగా వెలిగింది, నలభై గదుల్లో మనుషులు పడుకున్నారు. వెనక ఇంజన్లు బొగ్గుల్లా రాజుకున్నాయి. సార్ దాన్ని రెండు చేతులతో పైకెత్తి, అడుగున వేలితో అంతా తడిమి చూసుకున్నారు. వేలు ఎక్కడా ఆగలేదు.

"మాస్టారు ఏరీ?"

"కొబ్బరికాయల దింపు దగ్గరకెళ్ళేరండి," అంది అమ్మ.

దింపు ఎక్కడా లేదు. నాన్న పెరట్లో షెడ్డు వెనక నిలబడి ఉన్నాడు. కిటికీకి కట్టిన టార్పాలిన్ విప్పుతుంటే నాకు కనపడ్డాడు.

"ఆయనకి నా నమస్కారం చెప్పండి. ఇదిగో, నాలుగూ తెచ్చేను." నాలుగు పెట్టెలు అరుగు మీద పెట్టి, నౌకని ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కారు.

వానలు పడ్డాక నాన్న ఆపరేషను చేయించుకున్నాడు. ఈసారి ఎవరూ బతిమాలలేదు, తనే వెళ్దాం అన్నాడు. ఇప్పుడు బాగా కనపడుతుంది. వీధి చివర ఎవరు వస్తున్నారో ముందే చెబుతాడు. కానీ గదిలోకి రాడు. కడిగి ఎండలో పెట్టిన చెక్కబల్ల మీద అమ్మ ఇప్పుడు చీపుళ్ళు పేరుస్తుంది. రెండో నౌక చేస్తున్నప్పుడు నేను గుమ్మంలోకి వచ్చి, "నాన్నా, ఏ కిటికీలు వదలాలో చెప్పవా" అని అడిగాను. "నీకు తెలుసు కదమ్మా, నీ ఇష్టం" అన్నాడు, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. కోపంగా అనలేదు. నా ఇష్టం వచ్చినవి వదిలాను. ఫొటో పంపిస్తే సార్ బాగుందన్నారు. బాగానే ఉంది. అందులో ఎవరూ పడుకోలేదు. కొన్ని దీపాలు వెలగలేదు, అంతే.

క్షమించమని అడగలేదా అంటే, అడగబోయాను. రెండు మూడుసార్లు పక్కన కూర్చున్నాను. "ఆ రోజు..." అని మొదలుపెడితే, "చెయ్యి జారిందని చెప్పేను కదమ్మా" అనేవాడు. పదకొండు సార్లు చెయ్యి జారుతుందా? ఆ మాట నాకు అప్పుడే తట్టాల్సింది. సమానమైన ఎడంతో, పదకొండు సార్లు. మా షాపులో అందరూ నన్ను చూసే కళ్ళున్న పిల్ల అంటారు.

మళ్ళీ కాలువ కట్టేశారు. మొన్న నాలుగో నౌక చేస్తుంటే నా కటింగ్ ప్లయరు విరిగింది. నాన్న పాత పెట్టెలో ఒకటి ఉండాలని షెడ్డులోకి వెళ్ళాను. పెట్టె రోలర్ల వెనక ఉంది. రోలరు పక్కకి జరిపితే, దానికీ గోడకీ మధ్య ఒక అట్ట నిలబెట్టి ఉంది. మొదటి కిట్టు పెట్టె మూత. మీద ఆ నౌక బొమ్మ. కిందటేడు సార్‌కి పెట్టె తిరిగి ఇస్తున్నప్పుడు మూత దొరక్క ఇల్లంతా వెతికాను.

తిప్పి చూశాను. వెనక తెల్లటి వైపు పెన్సిలు గళ్ళు. గళ్ళలో సూదిబెజ్జాలు. పైరేకుకి ఒకచోట చిల్లు ఉంది, అందులోంచి ఎండ నిటారుగా పడుతోంది. అట్టని ఆ ఎండకి అడ్డం పెట్టాను.

చుక్కలు వెలిగాయి. తులసి. దాని కింద మళ్ళీ తులసి, అంతకంటే చిన్నది. దాని కింద ఇంకా చిన్నది. నాలుగోది రెండు వేళ్ళ వెడల్పు కూడా లేదు. ఒక్క చుక్క పక్కకి పోలేదు. చివరి దాంట్లో మొదటి అక్షరం మొదటి వంపుని గోటితో తడుముతూ లెక్కపెట్టాను. పదకొండు.

ముప్ఫై ఏళ్ళు వేరేవాళ్ళ పేరు వెలిగించిన మనిషి. తన పేరు కొట్టుకోలేదు. నౌక మీద అక్షరం ముక్క ఉండకూడదన్న మాట ఆయనా విన్నాడు. విని, ఎవరూ తిప్పి చూడని అడుగున, కిటికీలన్నీ వెలిగాక ఆఖర్న వెలిగేలా అనుకున్నాడు. అది తప్పే. సార్ ఒప్పుకునేవారు కాదు. నేను మెల్లిగా చెబితే నాన్నా ఒప్పుకునేవాడు. ఇద్దరం కూర్చుని పూడ్చేవాళ్ళం. ఇప్పుడు అస్సాంలో ఎక్కడో అద్దాల పెట్టెలో, నా రంగు కింద, నా పుట్టీతో నిండి, నా పేరులో మొదటి అక్షరం సగం ఉంది. ఎవరి వేలికీ తగలదు. అంత బాగా పూడ్చాను.

"దొరికిందా అమ్మా?" అరుగు మీంచి నాన్న కేకేశాడు.

అట్టని ఉన్నచోటే, ఉన్నట్టే నిలబెట్టాను. రోలరు మళ్ళీ దగ్గరకి జరిపాను. పెట్టెలోంచి ప్లయరు తీసుకుని బయటికి వచ్చాను.

"ఆయ్, దొరికింది నాన్నా."

ఆయన ముందు నిలబడి దాన్ని అందించాను. తీసుకుంటాడేమోనని కాసేపు చెయ్యి అలాగే చాచి ఉంచాను. నాన్న చీపురు కట్టడం ఆపలేదు. కళ్ళు మాత్రం ఎత్తి, నా చేతిలోకి చూశాడు.

"తుప్పు పట్టిందే. ఒక చుక్క నూనె వెయ్యి," అన్నాడు.

ఈ ఏడాదిలో పని గురించి నాన్న తనంతట తాను నాతో అన్న మాట అదొక్కటే. వంటింట్లోకి వెళ్ళి నూనె వేశాను.